విండోస్ 11కు మారే ముందు ఇంటి కంప్యూటరు బ్యాకప్: తరచుగా అడిగే ప్రశ్నలు

విండోస్ 10కు ఉచితంగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్పటి నుంచి దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో ఎక్కడికి వెళ్లినా, ఉన్న కంప్యూటరును విండోస్ 11కు మార్చడం గురించే అడుగుతున్నారు. నేను పర్లాకిమిడిలో ఉంటూ బంధువులకూ, ఇరుగుపొరుగు వారికీ ఈ పని చేసి పెడుతున్నాను. అప్‌డేట్ చేయడం కష్టమేమీ కాదు. దానికి ముందు చేయవలసిన బ్యాకప్ దగ్గరే అందరూ తడబడుతున్నారు. వాళ్లు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ వివరంగా సమాధానాలు రాస్తున్నాను.

ఫైళ్లు అలాగే ఉంటాయని అప్‌డేటే చెబుతోంది కదా, మళ్లీ బ్యాకప్ ఎందుకు?

చాలా కంప్యూటర్లలో ఆ మాట నిజమే అవుతుంది. ఉన్న విండోస్ మీదనే కొత్తది ఎక్కించినప్పుడు మీ ఫొటోలు, పత్రాలు, ప్రోగ్రాములు ఉన్నచోటే ఉండిపోతాయి. కానీ ఆ గంటా రెండు గంటల్లో డిస్కు మీద మామూలు రోజుల్లో ఎన్నడూ లేనంత రాత జరుగుతుంది. ఏడెనిమిదేళ్లు నడిచిన హార్డ్ డిస్కులో బయటపడని లోపం ఏదైనా ఉంటే అది సరిగ్గా అప్పుడే బయటపడవచ్చు. మధ్యలో కరెంటు పోవచ్చు. పాత పద్ధతిలో విభజించిన డిస్కును విండోస్ 11 కోసం కొత్త పద్ధతికి మార్చవలసి వస్తే, ఆ ఒక్క అడుగులో జరిగే పొరపాటు డిస్కు మొత్తాన్ని చదవరానిదిగా చేయగలదు.

పొరపాటు అప్‌డేట్ తయారుచేసిన వారి వైపు నుంచి కూడా జరగవచ్చు. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్, కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్ల వంటి ఫోల్డర్లలోని ఫైళ్లను చెరిపివేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే నిలిపివేసి, లోపం సరిచేసి, నవంబరు 13న తిరిగి విడుదల చేసింది. ఈలోపు ఫైళ్లు పోగొట్టుకున్న వారిలో నిశ్చింతగా ఉన్నవారు, వేరే డిస్కులో కాపీ ఉన్నవారు మాత్రమే.

ఏమేమి కాపీ చేయాలి?

ఈ కంప్యూటరు రేపు ఉదయం లేకపోతే మళ్లీ ఎక్కడా దొరకనిది ఏమిటని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి. విండోస్ మళ్లీ దొరుకుతుంది. ప్రింటరు సాఫ్ట్‌వేర్, ఆఫీసు ప్రోగ్రాములు మళ్లీ దొరుకుతాయి. వాటి లైసెన్సు నంబర్లను కాగితం మీద రాసుకుంటే చాలు. దొరకనివి ఫొటోలు, వీడియోలు, లెక్కలు, ఉత్తరాలు, స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు.

మన ప్రాంతంలో ఈ చివరిదానికి ప్రత్యేకమైన విలువ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కనుక, కొన్ని ఇళ్లలో తాతల నాటి దస్తావేజులు తెలుగులోనూ, ఆ తరువాతి పట్టాలు ఒడియాలోనూ ఉంటాయి. అసలు కాగితం చెదలు పట్టో, చిరిగిపోయో ఉంటే కంప్యూటరులోని స్కానే ఇప్పుడు మిగిలిన ఆధారం. కాబట్టి అన్నిటికంటే ముందు వాటిని కాపీ చేయండి.

ఇక ఎక్కడ వెతకాలంటే, సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డరు తెరిచి, మీ పేరుతో ఉన్న ఫోల్డరు మొత్తాన్ని తీసుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అన్నీ అందులోనే ఉంటాయి. ఇంట్లో ఒకరికంటే ఎక్కువ మందికి లాగిన్ ఉంటే అందరి ఫోల్డర్లూ తీసుకోవాలి. పిల్లల ఖాతాలో ఏముంటుందిలే అని వదిలివేసిన చోటే వాళ్ల ప్రాజెక్టు పనులన్నీ ఉంటాయి. ఆ తరువాత డి, ఇ డ్రైవ్‌లు. డి డ్రైవ్‌లో పెట్టాం కనుక భయం లేదని చాలామంది అంటారు, కానీ సి, డి అనేవి సాధారణంగా ఒకే డిస్కులోని రెండు గదులు. డిస్కు పోతే రెండూ పోతాయి.

మీ పేరు గల ఫోల్డరులో యాప్‌డేటా అనే దాచిన ఫోల్డరు ఒకటి ఉంటుంది. థండర్‌బర్డ్ వంటి మెయిల్ ప్రోగ్రాములు ఉత్తరాలను అందులోనే దాస్తాయి. వ్యూ మెనూలో దాచిన అంశాలను చూపించమని గుర్తు పెడితే అది కనిపిస్తుంది. క్రోమ్ బ్రౌజరులోని పాస్‌వర్డ్‌లను గూగుల్ ఖాతాతో సింక్ చేసి, సింక్ అయ్యాయో లేదో ఫోనులో చూసి నిర్ధారించుకోండి.

దుకాణం లెక్కలు ట్యాలీలో ఉన్నాయి. ఫోల్డరు కాపీ చేస్తే చాలా?

రెండూ చేయండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కీలు కలిపి నొక్కితే వచ్చే డేటా మెనూలో బ్యాకప్ అనే ఎంపిక ఉంది. దానితో కంపెనీ బ్యాకప్‌ను నేరుగా బయటి డిస్కులోకి తీసుకోండి. ఆపైన ట్యాలీని పూర్తిగా మూసివేసి డేటా ఫోల్డరును కూడా కాపీ చేయండి. ట్యాలీ తెరిచి ఉండగా చేసిన కాపీని నమ్మవద్దు. డేటా ఏ ఫోల్డరులో ఉందో ముందుగా ట్యాలీలోనే చూసి తెలుసుకోవాలి, ఎందుకంటే దాన్ని ఎక్కించినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క చోట పెట్టి ఉంటారు.

తెలుగు, ఒడియా ఫాంట్లను కూడా బ్యాకప్ చేయాలా?

తప్పకుండా చేయాలి. ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే నాకు సంతోషంగా ఉంటుంది, ఎందుకంటే నేను నష్టపోయింది ఇక్కడే.

ప్రతి భాష అక్షరాలకూ వేరువేరు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ పద్ధతి రాకముందు, వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్లు, తెలుగు డీటీపీ పని (కంప్యూటరులో టైపు చేసి అచ్చుకు సిద్ధం చేయడం) ‘అను’ అనే పేరుగల ఫాంట్లతోనూ, ఒడియా పని ‘అకృతి’ ఫాంట్లతోనూ ఎక్కువగా జరిగింది. ఆ ఫైళ్లలో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు. ఆంగ్ల అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంఖ్యలే ఉంటాయి. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటరులో అదే ఫైలు అర్థంలేని గుర్తుల వరసగా కనిపిస్తుంది.

మా నాన్నగారు మా వంశవృక్షాన్నీ, ఊరి గుడి లెక్కల చరిత్రనూ అను ఫాంటులో 60 పేజీలకు పైగా టైపు చేసి పెట్టుకున్నారు. నేను ఆయన కంప్యూటరును కొత్త విండోస్‌కు మార్చినప్పుడు ఫైళ్లన్నీ జాగ్రత్తగా కాపీ చేశాను, డిస్కును శుభ్రంగా ఫార్మాట్ చేశాను. మరునాడు ఆయన ఆ ఫైలు తెరిస్తే మొదటి పేజీలో మా ముత్తాత పేరు ఉండవలసిన చోట డాలరు గుర్తులూ, తల మీద చుక్కలు పెట్టినట్టుండే ఐరోపా అక్షరాలూ కనిపించాయి. ఫైలు చెక్కుచెదరలేదు, కానీ ఆయన వాడిన అను ఫాంటు ఏ రకమో నాకు తెలియదు, ఆయనకు గుర్తు లేదు. ఆ ఫాంటు కలిగిన పాత డీటీపీ కేంద్రాన్ని వెతికి పట్టుకోవడానికి నాకు నెల రోజులు పట్టింది. ఆ నెల రోజులూ ఆయన ఆ విషయం ఒక్కసారి కూడా ఎత్తలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరులో ఉండే ఫాంట్స్ ఫోల్డరును మొత్తంగా కాపీ చేయండి. విండోస్ 10లో ఒక్క వినియోగదారుకు మాత్రమే ఎక్కించిన ఫాంట్లు యాప్‌డేటాలో వేరుగా ఉండవచ్చు కనుక దాన్నీ చూడండి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైలు, దాని లైసెన్సు వివరాలు కూడా ఉంచండి. మరీ ముఖ్యమైన పత్రాలను, ఫాంటు ఇంకా పనిచేస్తుండగానే, పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. పీడీఎఫ్‌లో ఫాంటు కలిసిపోతుంది కనుక ఎక్కడైనా చదవగలుగుతారు. యూనికోడ్‌లో టైపు చేసిన వాటికి ఈ చింత లేదు.

వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్ల మాటేమిటి?

వన్‌డ్రైవ్ అంటే మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్‌లో ఇచ్చే నిల్వ చోటు. అందులోని ఫైలు పక్కన మేఘం గుర్తు కనిపిస్తే ఆ ఫైలు మీ కంప్యూటరులో లేదు, దాని పేరు మాత్రమే ఉంది. అటువంటి వాటిని డిస్కులోకి కాపీ చేయబోతే ఒక్కొక్కటిగా ఇంటర్నెట్ నుంచి దిగుతాయి, నెట్ లేకపోతే కాపీ ఆగిపోతుంది. వన్‌డ్రైవ్ ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమనే ఎంపిక తీసుకుని, ఆకుపచ్చ గుర్తులు వచ్చేవరకు ఆగి, అప్పుడు కాపీ మొదలుపెట్టండి.

గూగుల్ డ్రైవ్ ఒక్కటే సరిపోదా?

ఉచితంగా వచ్చే చోటు గూగుల్‌లో 15 జీబీ, వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. అందులో ఒక పెళ్లి వీడియో కూడా పట్టకపోవచ్చు. డబ్బు కట్టి చోటు పెంచుకున్నా, మన ఊళ్లలో పైకి ఎక్కించే వేగం తక్కువ. సెకనుకు 5 మెగాబిట్లు నిలకడగా వచ్చినా 100 జీబీ ఎక్కడానికి దాదాపు 45 గంటలు పడుతుంది. దస్తావేజులు, మార్కుల జాబితాలు, ట్యాలీ బ్యాకప్ వంటి చిన్నవాటికి మాత్రం ఇది మంచి రెండో చోటు.

బయటి డిస్కు కొనాలా, పెన్‌డ్రైవ్ చాలా?

పెద్ద మొత్తానికి బయటి హార్డ్ డిస్కే మేలని నా అభిప్రాయం. యూజర్స్ ఫోల్డరు, ఇతర డ్రైవ్‌లు కలిపి ఎంత ఉన్నాయో చూసుకుని దానికి రెండింతల డిస్కు కొనండి. పెన్‌డ్రైవ్‌ను అత్యవసరమైన కాగితాల అదనపు కాపీకి వాడండి. సంతలోనో ఆన్‌లైన్‌లోనో నాలుగైదు వందలకు దొరికే 2 టీబీ పెన్‌డ్రైవ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ నమ్మవద్దు. దాని లోపల చిన్న చిప్పు పెట్టి, పెద్ద పరిమాణం చూపేలా మార్చి ఉంటారు. కాపీ అయినట్టే కనిపిస్తుంది, ఫైళ్ల పేర్లు కూడా ఉంటాయి, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. కొత్త డ్రైవ్ మీద అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము దాన్ని నిండా రాసి, తిరిగి చదివి, అసలు సంగతి చెబుతుంది.

పాత పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఒక్క ఫైలును అది తీసుకోదు. అప్పుడు అందులో ఉన్నవాటిని వేరేచోటికి తీసి ఎక్స్‌ఫ్యాట్‌గానో, ఎన్‌టీఎఫ్‌ఎస్‌గానో ఫార్మాట్ చేయాలి.

ఎంత సమయం పడుతుంది?

పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో 200 జీబీకి సుమారు రెండు గంటలు పడుతుంది, యూఎస్‌బీ 3.0 పోర్టులో మామూలు హార్డ్ డిస్కుకు అందులో మూడో వంతు సరిపోవచ్చు. చాలా కంప్యూటర్లలో 3.0 పోర్టు లోపలి భాగం నీలం రంగులో ఉంటుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి, కంప్యూటరు నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగులు మార్చి వదిలివేయడం మంచిది.

ఫైళ్ల కాపీ చాలా, మొత్తం డిస్కు ప్రతిబింబం కూడా తీసుకోవాలా?

ఇంటి అవసరానికి ఫైళ్ల కాపీ చాలు. మళ్లీ ఎక్కించడం కష్టమైన పాత ప్రోగ్రాములున్న వారు, దుకాణం మొత్తం ఒకే కంప్యూటరు మీద నడిపేవారు మాత్రం ఆ ప్రతిబింబం, అంటే సిస్టమ్ ఇమేజ్, తీసుకోవడం మంచిది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ 7 పేరుతో ఇప్పటికీ ఉన్న బ్యాకప్ అండ్ రిస్టోర్‌లో ఆ సౌకర్యం ఉంది. దానికి బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండాలి. ఇమేజ్ తీసుకున్నా ఫైళ్ల కాపీని మానవద్దు. ఇమేజ్‌ను వెనక్కి తేవాలంటే మెలకువ కావాలి, విడి ఫైలు అయితే ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది.

కాపీ సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది?

ఈ ఒక్క పనికి అరగంట కేటాయించండి. అసలు ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అంకెలు పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట నిలుస్తాయి. నిలిచాక ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు, సైజు ఎన్ని బైట్లు అనే మూడింటినీ కాగితం మీద రాసుకోండి. బయటి డిస్కులోని కాపీకి కూడా అలాగే చూసి పక్కన రాయండి. దాని కిందనే సైజ్ ఆన్ డిస్క్ అని మరో అంకె ఉంటుంది. అది రెండు డిస్కుల్లో వేరువేరుగా ఉండటం సహజం, దాన్ని పట్టించుకోనక్కరలేదు. ఫొటోలు, పత్రాలు, వీడియోల ఫోల్డర్లలో ఆ మూడు అంకెలూ సరిపోలాలి. సరిపోలకపోతే ఏ ఫోల్డరులో తేడా వచ్చిందో ఒక్కొక్కటిగా లోపలికి దిగి చూడండి. యాప్‌డేటాలో మాత్రం విండోస్ నడుస్తుండగా కొన్ని ఫైళ్లు కాపీకి లొంగవు, అక్కడ కొద్ది తేడాకు కంగారుపడవద్దు.

ఆ తరువాత డిస్కును సేఫ్‌గా తీసి, పక్కింటి వారి కంప్యూటరులోనో మరో ల్యాప్‌టాప్‌లోనో పెట్టి తెరవండి. ఒక పాత ఫొటో, ఒక కొత్త ఫొటో, వీడియో ఒకటి చివరి నిమిషం దాకా, స్కాన్ చేసిన పట్టా ఒకటి, తెలుగులో టైపు చేసిన పత్రం ఒకటి చూడండి. ఇంకో కంప్యూటరులో తెరుచుకోని కాపీని నేను బ్యాకప్ కింద లెక్కవేయను. నాన్నగారి ఫైలును ఇలా ఒక్కసారి వేరే కంప్యూటరులో తెరిచి ఉంటే, ఫార్మాట్ చేయకముందే ఫాంటు సంగతి నాకు తెలిసిపోయేది.

బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోందని కొందరు భయపెడుతున్నారు. అదేమిటి?

చాలా ల్యాప్‌టాప్‌లలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు, డిస్కుకు తాళం పడినట్టుగా బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలై ఉంటుంది. రోజూ వాడేటప్పుడు తెలియదు. బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటరు మూల సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్, టీపీఎం (భద్రతా చిప్పు) వంటివి మార్చినప్పుడు నీలి తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే డిస్కు బాగానే ఉన్నా అందులోని ఫైళ్లు ఎవరికీ అందవు, ఏ రిపేరు దుకాణమూ తెరవలేదు. సాధారణంగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. అప్‌డేట్‌కు ముందే ఫోనులో ఆ ఖాతా తెరిచి, కీని కాగితం మీద రాసి, ఇంటి కాగితాల బీరువాలో పెట్టండి. ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఆ ఖాతాను పదేళ్ల క్రితం కొడుకో అల్లుడో తెరిచి ఇచ్చి ఉంటే, వాళ్లకు ఫోను చేయవలసింది కూడా ఈరోజే.

మా ఊళ్లో కరెంటు నమ్మకం లేదు. ఏం చేయాలి?

ల్యాప్‌టాప్ అయితే నిండా ఛార్జ్ చేసి, ఛార్జరు తగిలించే ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి, దాని బ్యాటరీ నిజంగా నిలబడుతుందో ముందు పరీక్షించాలి. ఇంటి ఇన్వర్టరు మీద ఆధారపడేవారు దాని వెనకనో పక్కనో ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. రెండో మోడ్‌లో కరెంటు పోయి బ్యాటరీ అందుకునే లోపు కంప్యూటరు ఆగిపోవచ్చు. ఉరుములు, మెరుపులు ఉన్న రోజున బ్యాకప్ గానీ అప్‌డేట్ గానీ పెట్టుకోకండి.

మన వైపు అక్టోబరు నెలను ఈ పనికి ఎంచుకోవద్దని కూడా చెబుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకు గజపతి జిల్లా ఎంత నష్టపోయిందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు.

డిస్కు నుంచి టిక్ టిక్ శబ్దం వస్తోంది. అప్‌డేట్ చేయవచ్చా?

చేయవద్దు. కంప్యూటరు ఆపి, మళ్లీ తెరిచినప్పుడు అతి ముఖ్యమైన ఫైళ్లను మాత్రమే ముందు కాపీ చేయండి. ఆ డిస్కు మార్చిన తరువాతే విండోస్ 11 సంగతి చూడాలి. శబ్దం లేకపోయినా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో డిస్కు స్థితి పసుపు లేదా ఎరుపు రంగులో కనిపిస్తే ఇదే సలహా.

రిపేరు దుకాణంలో ఇస్తే వాళ్లే బ్యాకప్ చేస్తామంటున్నారు. ఇవ్వవచ్చా?

మీ కాపీ మీ చేతిలో ఉన్నాక ఇవ్వండి. మా మేనత్త తన ల్యాప్‌టాప్‌ను ఒక దుకాణంలో ఇచ్చినప్పుడు, అన్నీ బ్యాకప్ తీశామని చెప్పి డాక్యుమెంట్స్ ఫోల్డరు ఒక్కటే తీశారు. ఆమె మనవడి అన్నప్రాశన ఫొటోలు డెస్క్‌టాప్ మీద ఉన్నాయి. వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు, ఆమె ఫైళ్లు ఎక్కడ పెట్టుకుందో వాళ్లకు తెలియదు, అంతే. అది ఇంటివాళ్లకే తెలుస్తుంది.

బ్యాకప్ డిస్కును ఎక్కడ ఉంచాలి?

కాపీ పూర్తి కాగానే కంప్యూటరు నుంచి ఊడదీయండి. అప్‌డేట్ జరిగేటప్పుడు తగిలించి ఉంటే పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసే ప్రమాదం ఉంది; వైరస్ వచ్చినా రెండూ ఒకేసారి పోతాయి. డేటా మూడు చోట్ల ఉండాలని, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలని, అందులో ఒకటి ఇంటి బయట ఉండాలని కంప్యూటరు పనివారు పాటించే పద్ధతి ఒకటి ఉంది. మన విషయంలో ఇంటి బయట అంటే పక్క వీధి సరిపోదు. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే ఉన్నాయి కనుక ఒకే తుపాను రెండింటినీ ముంచగలదు. విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న తోబుట్టువు ఇంటికి ఒక కాపీ పంపితే మంచిది. ఇంట్లో ఉంచేదాన్ని గాలి చొరని స్టీలు డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లాలతో, నేల మీద కాకుండా ఎత్తైన అరలో పెట్టండి.

మా కంప్యూటరు విండోస్ 11కు పనికిరాదని చెబుతోంది.

దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసరు కావాలి. కొన్ని యంత్రాల్లో టీపీఎం ఉండి కూడా బయాస్‌లో ఆపి ఉంటుంది, ముందు అది చూడండి. లేకపోతే విండోస్ 10కు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు అవి వస్తాయి. ఏది చేసినా బ్యాకప్ అవసరం మారదు.

విండోస్ 11 నచ్చకపోతే వెనక్కి వెళ్లవచ్చా?

మొదటి 10 రోజుల్లో సెట్టింగ్స్‌లోని రికవరీ పేజీ నుంచి వెళ్లవచ్చు. పాత విండోస్ సి డ్రైవ్‌లో విండోస్ ఓల్డ్ అనే ఫోల్డరులో ఉంటుంది. చోటు కోసం దాన్ని చెరిపితే ఆ దారి మూసుకుపోతుంది. వెనక్కి వెళితే మధ్యలో ఎక్కించిన ప్రోగ్రాములు పోతాయి.

బ్యాకప్‌ను ఎప్పుడు చెరపవచ్చు?

ఆ 10 రోజులు గడిచినంత మాత్రాన చెరపవద్దు. ప్రింటరు, స్కానరు, తెలుగు కీబోర్డు, ట్యాలీ అన్నీ ఒక నెల పూర్తిగా వాడి చూడండి. దుకాణం ఉన్నవారు నెలాఖరు లెక్కలు ఒకసారి సరిచూసుకునేవరకు ఆగండి. ఆ తరువాత కూడా పాత కాపీని చెరిపి కొత్తది రాసేకంటే, చోటు ఉంటే దాని పక్కనే తేదీ పేరుతో కొత్త ఫోల్డరు తెరిచి అందులోకి రాయండి. మా నాన్నగారి డిస్కులో ఇప్పుడు అటువంటి ఫోల్డర్లు మూడు ఉన్నాయి, ప్రతిదానిలోనూ ఆ అను ఫాంటు ఉంది.